సూది చేపంటే భయపడుతున్నాం సరే, మన చేలో నీళ్ళ సంగతేంటి?

పై వీడియోలో మన నీటి కుంట, వల లాగినప్పుడు ఎగిరిన బొచ్చెలు, శీలావతులు చూశారు కదా. ఆ తర్వాత జరిగిన సంగతి ఒకటి కెమెరాలో లేదు. అది ఇక్కడ రాస్తున్నా.

నందిగామలో ఆదివారం ఆదివారం మనం కూరగాయలు పెట్టే చోటికి ఒక మామ్మగారు వస్తారు. మూడేళ్ళుగా ఆకుకూర, కందిపప్పు మన దగ్గరే. ఆ రోజు తొట్టిలో బతికున్న చేపల్ని చూసి "ఇవి కూడా ప్రకృతి వ్యవసాయమేనా అబ్బాయ్?" అన్నారు. అవునండీ, కంపెనీ దాణా వెయ్యలేదు, పేడ, అజొల్లా, తవుడుతోనే పెంచాం అన్నాను. "పిల్లలు ఎక్కడివి?" అన్నారు. కైకలూరు వైపు హ్యాచరీ నుంచి తెచ్చామన్నాను. "అయితే హార్మోను సూది వేసినవేగా" అని సంచి మూసేసి బీరకాయలు మాత్రం తూయించుకుని వెళ్ళిపోయారు.

నాకు సమాధానం రాలేదు. నేను చదివింది వ్యవసాయ డిప్లొమా. ఎరువులు, పురుగులు, విత్తనాలు నేర్పారు గానీ చేప తల లోపల ఏముందో ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాత పుస్తకాలు చదివా, తెలిసిన వాళ్ళ హ్యాచరీలో రెండు రాత్రులు కూర్చుని చూశా. ఇప్పుడు నాకంటూ ఒక అభిప్రాయం వచ్చింది. మీలో కొందరికి నచ్చకపోవచ్చు.

ముందు అసలు సూది ఎందుకో చూద్దాం. చెరువులో పెంచిన బొచ్చెకి, శీలావతికి ఎండాకాలం పోయేసరికి పొట్ట నిండా జన ఉంటుంది (మా తెలంగాణ చుట్టాలు శన అంటారు). మృగశిర కార్తెకి మన ఇళ్ళలో చేప తెచ్చినప్పుడు ఆ జన కోసమే పిల్లలు కొట్టుకుంటారు. జన అంత నిండుగా ఉన్నా నిలవ నీళ్ళ కుంటలో ఆ చేప గుడ్లు పెట్టదు. కార్తెలు దాటిపోతే ఆ గుడ్లు మెల్లగా కరిగి మళ్ళీ ఒంట్లోకే పోతాయి. అందుకే పాత రోజుల్లో చేప పిల్లలంటే వరదలప్పుడు నదిలో పట్టినవే. ఏ జాతి ఎంత ఉందో తెలీదు, వాలుగ పిల్లలు కూడా కలిసి వచ్చేవి, చెరువులో వేస్తే మిగతావాటిని తినేసేవి.

మరి మున్నేట్లో గుడ్లు పెట్టే చేప కుంటలో ఎందుకు పెట్టదు? పెనుగంచిప్రోలు దగ్గర వల వేసే ఒక పెద్దాయన్ని అడిగా. "కొత్తనీరు తగలాలి అబ్బాయ్, తగిలిందంటే ఎదురెక్కుద్ది, ఆపలేవు" అన్నాడు. ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. ఆ కొత్తనీరు తగిలేది చేప మెదడుకి. సైన్సు దానికి జోడించింది ఈ ఒక్క ముక్కే.

చేప మెదడు అడుగున పీయూష గ్రంథి ఉంటుంది, చిన్న గింజంత. గుడ్లని చివరి దశకి పండించి బయటికి పంపే హార్మోను, ఎల్‌హెచ్ అంటారు, అందులోనే నిలవ ఉంటుంది. దాన్ని వదలమని చెప్పేది మెదడులోనే తయారయ్యే జీఎన్‌ఆర్‌హెచ్ అనే ఇంకో హార్మోను. మనుషుల్లో ఈ కబురు సన్నటి రక్తనాళాల ద్వారా గ్రంథికి చేరుతుంది. చేపలో అయితే మెదడు నరాల కొసలే నేరుగా గ్రంథిలోకి దిగి ఉంటాయి. కబురు చేరేసింది, ఇక గుడ్లు పెట్టాలిగా అనుకుంటాం. పెట్టదు, ఎందుకంటే అవే నరాల్లో కొన్ని డోపమైన్ వదులుతూ ఉంటాయి.

డోపమైన్ అంటే ఇప్పుడు అందరికీ తెలిసిన మాటే. రీల్స్ చూస్తే డోపమైన్, స్వీటు తింటే డోపమైన్ అని రోజూ వింటున్నాం. బొచ్చె, శీలావతి లాంటి కార్పు చేపల పీయూష గ్రంథి దగ్గర మాత్రం దాని పని వేరు. అక్కడ అది బ్రేకు. జీఎన్‌ఆర్‌హెచ్ యాక్సిలేటర్ తొక్కుతూ ఉంటే డోపమైన్ బ్రేకు పట్టుకుని ఉంటుంది. సెరటోనిన్, నారడ్రినలిన్, గాబా లాంటివి యాక్సిలేటర్ వైపు సాయం చేస్తాయని గోల్డ్‌ఫిష్ మీద చేసిన ప్రయోగాల్లో తేలింది. కానీ మన కార్పుల కథలో పెత్తనం బ్రేకుదే.

ఈ సంగతి బయటపడిన తీరు చిత్రంగా ఉంటుంది. కెనడాలో అల్బర్టా విశ్వవిద్యాలయంలో రిచర్డ్ పీటర్ అనే శాస్త్రవేత్త బృందం గోల్డ్‌ఫిష్ మెదడులో ఒక చిన్న భాగాన్ని దెబ్బతీసి చూసింది. మెదడు చెడితే గుడ్లు ఆగిపోవాలి కదా? ఆగలేదు సరికదా, హార్మోను ఒక్కసారిగా పొంగి గుడ్లు విడుదలయ్యాయి. అంటే ఆ భాగం ఆపడానికే ఉందన్నమాట. 1980ల మొదట్లో ఆ ఆపే పదార్థం డోపమైన్ అని తేల్చారు. తర్వాత పీటర్, చైనా శాస్త్రవేత్త లిన్ హావోరాన్ కలిసి, జీఎన్‌ఆర్‌హెచ్‌తో పాటు డోపమైన్‌ని అడ్డుకునే మందు కలిపి ఒకే సూదిగా ఇచ్చే పద్ధతి తెచ్చారు. ఇద్దరి పేర్లూ కలిపి దాన్ని లిన్‌పే పద్ధతి అంటారు.

చేపకి ఈ బ్రేకు ఎందుకు? ఇది నాకు అర్థమైన మాట, తప్పైతే సరిచెయ్యండి. బొచ్చె, శీలావతి గుడ్డు అంటుకునేది కాదు, ప్రవాహంలో కొట్టుకుపోతూ పిల్ల అయ్యేది. నిలవ నీళ్ళలో వదిలితే అడుగుకి చేరి బురదలో ఊపిరాడక పోతుంది. తల్లికి అదంతా వృథా. కాబట్టి కొత్తనీరు, పారుదల, చల్లదనం, తోటి చేపల సందడి అన్నీ తగిలేదాకా మెదడు పట్టి ఉంచుతుంది. మనం పునాస వాన పడందే గింజ చల్లం కదా, అలాంటిదే.

మన దేశంలో ఈ కథ అంతకంటే ముందే మొదలైంది. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, కె.హెచ్. అలికున్హి కలిసి వేరే చేపల తలల్లోంచి తీసిన పీయూష గ్రంథి రసం సూదిగా వేసి కార్పులతో గుడ్లు పెట్టించారు. ఇప్పుడు జూలై 10ని జాతీయ చేపల రైతుల దినోత్సవంగా జరుపుతున్నది అందుకే. విజయవాడలో ప్రకాశం బ్యారేజీ మొదలైందీ ఆ ఏడాదే. ఒక పక్క నదికి అడ్డం కట్టాం, ఇంకో పక్క నది లేకుండా పిల్లల్ని తీయడం నేర్చుకున్నాం. కాకతాళీయమే అనుకోండి, నాకు మాత్రం ఆ రెండూ కలిపి చూడాలనిపిస్తుంది.

ఆ పాత పద్ధతిలో ఒక చేప హార్మోనుని ఇంకో చేపలోకి ఎక్కించేవాళ్ళు. ఇప్పటి సూది అలా కాదు. ఎక్కువ హ్యాచరీల్లో వాడే ఓవాప్రిమ్ అనే మందులో మిల్లీలీటరుకి 20 మైక్రోగ్రాముల జీఎన్‌ఆర్‌హెచ్ నకలు, 10 మిల్లీగ్రాముల డోంపెరిడోన్ ఉంటాయి. డోంపెరిడోన్ అంటే మనం వాంతులకి వేసుకునే బిళ్ళే. మెడికల్ షాపులో దొరికేది కూడా 10 మిల్లీగ్రాములే. అది డోపమైన్ కూర్చునే చోట తను కూర్చుంటుంది, బ్రేకు వదులవుతుంది. అప్పుడు బయటికి వచ్చే ఎల్‌హెచ్ ఆ చేప గ్రంథిలో ముందునుంచీ నిలవ ఉన్నదే. గుడ్డు ముందుగా తయారై ఉంటేనే ఇది పని చేస్తుంది. జన లేని చేపకి ఎన్ని సూదులు వేసినా గుడ్లు పుట్టవు.

హ్యాచరీలో చూశా కాబట్టి చెప్తున్నా. సాయంత్రం తల్లి చేపని గుడ్డలో పట్టుకుని రెక్క మొదట్లో సూది వేస్తారు. కిలో బరువుకి అర మిల్లీలీటరు లోపు. మగవాటికి ఇంకా తక్కువ. ఒక ఆడదానికి రెండు మగవి. తర్వాత గుండ్రటి తొట్టిలో వదిలి నీళ్ళు సుడి తిప్పుతారు, అంటే కొత్తనీటి ఏరుని తొట్టిలో కల్పించడం. అర్ధరాత్రి దాటాక నీళ్ళు కొట్టుకునే చప్పుడు మొదలైంది. మగవి తరుముతున్నాయి, తొట్టంతా కలయబెట్టినట్టైంది. తెల్లారేసరికి లక్షల గుడ్లు, మర్నాటికి పిల్లలు. పక్కన నిలబడితే ఒళ్ళు జలదరించింది, నిజం చెప్తున్నా.

ఇక మామ్మగారి భయం లెక్క వేద్దాం. మూడు కిలోల తల్లికి ఒకటిన్నర మిల్లీలీటరు అనుకోండి. డోంపెరిడోన్ 15 మిల్లీగ్రాములు, అంటే ఒకటిన్నర బిళ్ళ. ఆ తల్లి కనీసం మూడు లక్షల గుడ్లు పెడుతుంది. మందు మొత్తం, ఒక్క చుక్క పోకుండా గుడ్లలోకే వెళ్ళిందనుకున్నా ఒక్కోదానికి 0.05 మైక్రోగ్రాము. ఆ గుడ్డు పిల్లయి, నా కుంటలో ఏడాది పెరిగి కిలో అయ్యాక మామ్మగారి కూరలోకి వస్తుంది. అందులో ఏం మిగులుతుందండీ? సూది పడింది వాటి అమ్మకి, నేనమ్మిన చేపకి కాదు. సూది వేసిన తల్లి చేపనే ఆ వారంలో మార్కెట్‌కి తోలితే అది వేరే సంగతి, అది తప్పే, అలాంటిది కనపడితే అడగాల్సిందే.

తిలాపియాతో కూడా దీన్ని కలపకండి. తిలాపియాలో అన్నీ మగవే రావాలని కొన్ని చోట్ల పుట్టిన పిల్లలకే మూడు, నాలుగు వారాలు మిథైల్ టెస్టోస్టిరాన్ కలిపిన మేత పెడతారు. అక్కడ హార్మోను తిన్నది మనం పెంచే పిల్లే. నా కుంటలో అలాంటివి వెయ్యను. రెండింటినీ "హార్మోను చేప" అని ఒకే గంపలో వేస్తే ఏది ప్రశ్నించాలో తెలియకుండా పోతుంది.

యూరప్ సేంద్రియ నిబంధనల్లో చేపల పెంపకానికి హార్మోన్లు వాడకూడదని ఉంది, నాకు తెలుసు. ఆ నియమాన్ని గౌరవిస్తా. సూది అసలు వద్దనుకునే వాళ్ళకి దారి కూడా ఉంది. బంగారుతీగ నిలవ నీళ్ళలోనే గుడ్లు పెడుతుంది, దాని గుడ్డు నాచుకి, గుర్రపుడెక్క వేళ్ళకి అంటుకుంటుంది. కొర్రమీను వానలు పడగానే తనే గూడు చేసుకుని, పిల్లలకి కాపలా కూడా కాస్తుంది. మన మెట్ట కుంటలకి ఈ రెండూ సరిపోతాయి. కానీ బొచ్చె, శీలావతి కావాలంటే, నదిని ఇన్ని చోట్ల కట్టేశాక, సూది లేకుండా ఊరూరికీ పిల్లలు దొరకవు. ఇది ఒప్పుకోవాలి.

సూది మీద నాకున్న ఫిర్యాదు వేరు. ఇంత తేలిగ్గా బ్రేకు తీయగలిగాక తల్లి చేప మంచిచెడ్డలు చూడటం చాలా చోట్ల మానేశారు. అవే నాలుగు తల్లుల్ని ఏళ్ళ తరబడి వాడటం, అన్నాచెల్లెళ్ళనే కలపడం, ఒకే తొట్టిలో బొచ్చెని శీలావతిని కలిపి తీసి సంకరం చేసేయడం. రెండేళ్ళ క్రితం ఒక చోట తెచ్చిన పిల్లలు నా కుంటలో ఏడాదికి పావు కిలో దాటలేదు. తోక వంకర్లు కొన్ని. వాళ్ళనడిగితే నీ నీళ్ళే బాలేవన్నారు. అదే కుంటలో తర్వాతి బ్యాచ్ కిలో వచ్చింది. భువనేశ్వర్ దగ్గర కౌసల్యాగంగలో సీఫా వాళ్ళు 1997లో విడుదల చేసిన జయంతి రోహు కూడా సూదితో తీసినదే, కాకపోతే తరతరానికీ వేర్వేరు కుటుంబాల తల్లుల్ని ఏరి తీశారు. పిల్లలు కొనేటప్పుడు "సూది వేశారా" అని అడిగితే లాభం లేదు, అందరూ వేస్తారు. "తల్లులు ఎక్కడివి, ఎన్నేళ్ళకోసారి మారుస్తారు, ఈ సీజన్లో దీనికి ఎన్నోసారి" అని అడగండి. తడబడితే బండి తిప్పుకుని వచ్చేయండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. ఇది రాయడానికే ఇంత రాశా.

చేప మెదడు రసాయనాలతో ఆడుకుంటున్నారని హ్యాచరీని అంటున్నాం. మన జగ్గయ్యపేట, నందిగామ మెట్టలో పత్తి, మిర్చి చేల మీద కొట్టేవి ఏంటి? ప్రొఫెనోఫాస్, క్లోరిపైరిఫాస్, అసిఫేట్. ఇవన్నీ ఆర్గానోఫాస్ఫేట్ మందులు. డిప్లొమాలో మాకు నేర్పిన మొదటి పాఠమే అది: నరాల కొసల్లో అసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని పని అయ్యాక తుడిచేసే ఎంజైము ఒకటి ఉంటుంది, ఈ మందులు దాన్ని కట్టేస్తాయి, నరం ఆగకుండా కొట్టుకుని పురుగు చస్తుంది. పురుగులో ఉన్న ఆ ఎంజైమే చేపలోనూ ఉంది, మనలోనూ ఉంది. ఇంగిలాయిల మీద మన దేశంలోనే చేసిన ప్రయోగాల్లో, చేప చావనంత కొద్ది మోతాదులో కూడా ఇలాంటి మందులు పునరుత్పత్తి హార్మోన్లని, గుడ్ల ఎదుగుదలని దెబ్బతీశాయి. హ్యాచరీ సూది ఒక చేపకి, ఒక రాత్రికి. ఇది చెరువు మొత్తానికి, సీజన్ మొత్తానికి.

పైగా వేళ చూడండి. చేప మెదడు ఏ కొత్తనీటి కోసం బ్రేకు పట్టుకుని కూర్చుందో, చేలల్లోని మందుని కడిగి వాగులోకి తెచ్చేదీ ఆ కొత్తనీరే. పాలేరు, మున్నేరు, వైరా, కట్టలేరు, ఏది తీసుకున్నా రెండు పక్కలా చేలే. పొట్ట నిండా జనతో ఎదురెక్కే చేపకి ముందుగా తగిలేది మన చేను కడిగిన నీళ్ళు. వలలు పట్టే వాళ్ళు ఇంగిలాయి, మార్పు, పరిగ తగ్గిపోయాయని ఎన్నాళ్ళనుంచో చెప్తున్నారు. ఆనకట్టలున్నాయి, ఇసుక తవ్వకాలున్నాయి, అన్నీ ఉన్నాయి. అందులో మన వాటా కూడా ఉందంటున్నా.

మనం ప్రకృతి వ్యవసాయం వాళ్ళం, మనకేంటి అనుకోకండి. నా తప్పు చెప్తా. పోయినేడు అగ్నాస్త్రం కొట్టి, డ్రమ్ము, స్ప్రేయరు తెచ్చి కుంట గట్టు మీద కడిగా. ఆ మూల ఉన్న బంగారుతీగ పిల్లలు సాయంత్రానికి తేలాయి. అగ్నాస్త్రంలో పొగాకు ఉంది, పొగాకులో నికోటిన్ ఉంది, నికోటిన్ సరిగ్గా ఆ అసిటైల్‌కోలిన్ తాళంలోనే తిరిగే తాళంచెవి. ఆకు నుంచి వచ్చిందని చేప నరానికి తెలీదు కదా. ప్రకృతిదైనంత మాత్రాన నీళ్ళలో పోయొచ్చని కాదు. ఇప్పుడు డ్రమ్ములు కడిగే చోటు కుంటకి నూరు గజాల దూరంలో, కానుగ చెట్ల మొదట్లో పెట్టా.

రెండో పని, కుంటలోకి నీరు వచ్చే కాలవకి చిన్న మళ్ళింపు కట్టా. మొదటి రెండు వానల నీళ్ళు పైన పశుగడ్డి మడిలోకి పోతాయి, అక్కడే ఇంకుతాయి. మూడో వాన నుంచే కుంటలోకి వదులుతా. పై చేను మా బాబాయిది, మిర్చి. మందు మానమని ఐదేళ్ళ నుంచి పోరుతున్నా వినడు. కానీ వాన మబ్బు ఉన్న రోజు కొట్టొద్దు బాబాయ్, మందు డబ్బులు కూడా కొట్టుకుపోతాయి అంటే విన్నాడు. గట్టు వెంట రెండు సాళ్ళు జొన్న, పిల్లిపెసర వేయడానికి కూడా ఒప్పుకున్నాడు. అతనికి చేప మెదడు గురించి చెప్పలేదు, చెప్తే నవ్వుతాడు.

వచ్చే వీడియోలో ఆ మళ్ళింపు ఎలా కట్టామో, కొలతలతో చూపిస్తా. గుర్రపుడెక్క వేళ్ళకి అంటుకున్న బంగారుతీగ గుడ్లు కూడా. కెమెరా నీళ్ళలోకి దించడం కుదిరితే.

మామ్మగారికి పోయిన ఆదివారం ఈ లెక్కంతా చెప్పా, ఒకటిన్నర బిళ్ళ దాకా. ఓపిగ్గా విన్నారు. "బానే ఉంది అబ్బాయ్, ఆ సూది లేని బంగారుతీగేదో వచ్చినప్పుడు ఒకటి పక్కన పెట్టు" అని, కేజీ వంకాయలు తీసుకుని వెళ్ళారు.